కాల్చిన చేతిదే తప్పు

పిస్టల్ మధ్యలో ఆగిపోతే దానికి మా ల్యాబ్‌లో రెండు కారణాలే ఉండేవి. పిస్టల్ వల్ల ఆగడం ఒకటి, కాల్చినవాళ్ల వల్ల ఆగడం మరొకటి. మొదటిది లెక్కలోకి వస్తుంది. రెండోది రాదు. ఏది ఏ కోవకు చెందుతుందో తేల్చేది పిస్టల్ పట్టుకున్న మనిషి కాదు, పక్కన నిలబడి చూస్తున్న మనిషి. పిస్టళ్ల విభాగంలో చేరిన కొత్తలో ఈ ఏర్పాటు నాకు సబబుగానే తోచింది. నడపడం రానివాళ్లు కారును తీసుకెళ్లి గోడకు గుద్దితే తప్పు కారుది అనం కదా.

మాది డెట్రాయిట్ శివార్లలో ఒక పరీక్షల సంస్థ. కార్ల సీటు బెల్టుల కొక్కేలు, తలుపుల గడియలు, సీట్ల కింది స్ప్రింగులు తెచ్చి ఇస్తే, అవి ఎప్పటికి అలసిపోతాయో, ఎక్కడ విరుగుతాయో చూసి చెప్పడం మా పని. కార్ల పని తగ్గిన ఏడాది యాజమాన్యం తుపాకుల పని ఒప్పుకుంది. పెద్ద తుపాకులు కావు. చొక్కా కింద, నడుము పట్టీలో, హ్యాండ్‌బ్యాగులో దాచుకుని తిరగడానికి తయారుచేసిన చిన్న పిస్టళ్లు. అవసరమైన క్షణంలో అవి ఆగకుండా కాలుస్తాయా లేదా అన్నది మేము తేల్చాలి. స్ప్రింగుల మీద నాకున్న అనుభవం చూసి నన్ను అందులోకి మార్చారు. అప్పటికే పౌరసత్వం వచ్చి ఉండటంతో ఆ పని చేయడానికి కాగితాల అడ్డంకి కూడా లేకపోయింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. మా అమ్మ బీడీలు చుట్టేది. సాయంత్రం కార్ఖానాకు తీసుకెళితే అక్కడ కూర్చున్న మనిషి కట్టల్లోంచి కొన్ని బీడీలు లాగి, పనికిరావని పక్కన పడేసేవాడు. ఎందుకు పనికిరావో చెప్పేవాడు కాదు. అడిగినవాళ్లవి మరికొన్ని పడేసేవాడు. అమ్మ వెనకాల నిలబడి అది చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, చదువుకున్నవాళ్ల లోకంలో ఇలా ఉండదని గట్టిగా నమ్మాను. అక్కడ కొలతలుంటాయి, కొలతకు కారణం ఉంటుంది, దేన్నయినా పక్కన పెడితే ఎందుకు పెట్టారో చెప్పి తీరాలి. ఇంజనీరింగ్ మీద నాకు ఉన్న భక్తి అంతా ఈ నమ్మకమే.

పిస్టళ్లకు మేము చేయని అఘాయిత్యం లేదు. ఇసుకలో పొర్లించేవాళ్లం. ఐసులో పెట్టి గడ్డకట్టించేవాళ్లం. చెమటలాంటి ఉప్పునీళ్లు చల్లి ఆరబెట్టేవాళ్లం. హ్యాండ్‌బ్యాగు అడుగున చేరే దూది పీచు, బిస్కెట్ పొడి, చిల్లర నాణేల మధ్య వేసి గిలకొట్టేవాళ్లం. ఆ తర్వాత ఉక్కుతో చేసిన ఒక పట్టులో బిగించి, వరసగా కాల్చేవాళ్లం. నేను చెప్పబోయే మోడల్ పిస్టల్ ఆ ఉక్కు పట్టులో ఎప్పుడూ ఆగలేదు. దాని తర్వాత మనుషులు కాల్చాలి. మా దగ్గర ఆ పనికి ఉన్నది ఒక రిటైరైన పోలీసు అధికారి. ఆయన అరచెయ్యి అప్పడాల పీటంత ఉండేది. ఆయన చేతిలోనూ ఆగలేదు.

పిస్టల్ కంపెనీ తన ప్రకటనల్లో చూపించేది మాత్రం ఆడవాళ్లనే. పార్కింగ్ లాట్‌లో కారు తాళాలు వెతుక్కుంటున్న నర్సు, ఒక చంకలో పిల్ల ఉన్న తల్లి. అందుకని నేనొక సమావేశంలో అడిగాను, కొనేవాళ్ల చేతులతోనే కాల్చి చూడవద్దా అని. మా మేనేజర్ మంచి మనిషి. ఎదుటివాళ్ల మాటను మెచ్చుకోకుండా ఎప్పుడూ వదిలేవారు కాదు.

“చాలా చక్కటి ఆలోచన. చిన్న చేతులు కావాలంటే మన దగ్గరే ఉన్నాయిగా” అని నా చేతుల వైపు చూసి నవ్వారు.

మా అమ్మ చేతులే నాకు వచ్చాయి. సన్నటి వేళ్లు, ఇరుకు అరచెయ్యి. పోలీసు పెద్దాయన నాకు ఓపిగ్గా నేర్పించారు. నిలబడటం, ఊపిరి బిగబట్టడం, మీట మీద వేలు మెల్లగా నొక్కడం. నేను కాల్చాను. మొదటి తూటా పేలింది. రెండోది పేలలేదు. చూస్తే, పేలిన తూటా తాలూకు ఖాళీ తొడుగు బయటికి ఎగిరిపోకుండా పిస్టల్ నెత్తిన ఇరుక్కుని నిలబడి ఉంది.

“మణికట్టు వదిలేస్తున్నావమ్మా. బిగించు” అన్నారాయన.

బిగించాను. పేలింది. కాసేపటికి మళ్లీ ఆగింది.

“చూశావా, బిగిస్తే ఆడుతోంది. పిస్టల్‌కి ఏమీ కాలేదు. చెయ్యిదే.”

ఎందుకు ఆగుతోందో నాకు అర్థమైంది. పేలినప్పుడల్లా పిస్టల్ పైభాగం ఒక్క ఊపున వెనక్కి జరిగి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, ముందుకు వస్తూ కొత్త తూటాను లోపలికి నెడుతుంది. అలా జరగాలంటే కింది భాగం కదలకుండా నిలవాలి. పెద్ద పిస్టల్ అయితే తన బరువుతోనే చాలావరకు నిలుస్తుంది. చిన్నదానికి బరువు లేదు, పైగా లోపలి స్ప్రింగు బిరుసు. అందుకని అది తన బరువు పనిని కూడా మన మణికట్టు మీద పెడుతుంది. మణికట్టు కాస్త వెనక్కి పోతే పైభాగం సగం దారిలోనే ఆగిపోతుంది. పోలీసు పెద్దాయన చెయ్యి ఆ బరువు మోయగలదు. ఉక్కు పట్టు మోయగలదు. నాది ఒకసారి మోస్తుంది, ఒకసారి మోయదు.

నా ఒక్కదాని చెయ్యి చూసి మాట్లాడకూడదని ఆఫీసులోని మరికొందరు ఆడవాళ్లను బతిమాలి తీసుకొచ్చాను. అకౌంట్స్ చూసే పెద్దావిడ, రిసెప్షన్‌లో అమ్మాయి, క్యాంటీన్ ఆవిడ. అందరి చేతుల్లోనూ ఎక్కడో ఒకచోట ఆగింది. తర్వాత కాస్త పెద్దదీ, మెత్తటి స్ప్రింగు ఉన్నదీ అయిన వేరొక పిస్టల్ అవే చేతులకిచ్చాను. ఆగలేదు. నా దృష్టిలో ఇంతకన్నా స్పష్టమైన పరీక్ష ఉండదు. చేతులు మారలేదు, పిస్టల్ మారింది, ఆగడం పోయింది. అది ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చాను.

మేనేజర్ దాన్ని శ్రద్ధగా చదివారు. మంచి పని అన్నారు. నివేదికలోకి మాత్రం వెళ్లదన్నారు.

“కాల్చినవాళ్ల వల్ల ఆగినవి లెక్కించకూడదని క్లయింట్ నిర్వచనంలోనే ఉంది.”

“ఆ నిర్వచనం మార్చమని అడగవచ్చు కదా? వాళ్లు అమ్మేది ఈ చేతులకే.”

“మనం అడిగేవాళ్లం కాదు. కొలిచేవాళ్లం.”

“కొలిచాను. మీరు పక్కన పెడుతున్నారు.”

ఆయన నొచ్చుకున్నారు. కోప్పడలేదు. “మీ చేతులతో కాల్చమన్నది నేనే కదా? మీ అభిప్రాయానికి ఇక్కడ ఎంత గౌరవం ఉందో మీకు తెలుసు” అన్నారు. ఆ నివేదిక మీద సంతకం చేయనన్నాను. దానికీ కోప్పడలేదు. మా పక్క గదిలో ఉండే ఇంజనీరు కాఫీ కప్పు ఇంకా చేతిలో ఉండగానే సంతకం చేసి వెళ్లాడు. తర్వాత నన్ను మళ్లీ సీటు బెల్టుల్లోకి మార్చారు, నా కోరిక మీదట అని రాసి. కొన్నాళ్లకు పిస్టల్ ప్రకటన వచ్చింది. స్వతంత్ర పరీక్షల్లో ఒక్కసారి కూడా ఆగలేదట. ఆ మాట అబద్ధం కాదు. లెక్కించినవాటిలో ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇది ఇంతటితో అయిపోతే ఆఫీసు గొడవగా మిగిలేది. ఆ పిస్టల్ మా వాళ్లలోకి వచ్చింది.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేము ఉన్న కాలనీకి దగ్గర్లో ఒక తెలుగు కుటుంబం ఉండేది. ఆవిడ నాకన్నా పెద్దది, గుంటూరు వైపు మనిషి. నేను అక్కా అనేదాన్ని, ఆయన్ని బావగారు అనేదాన్ని. బావగారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లోంచే పని. దాంతోపాటు, కొంచెం దూరంలో హైవే పక్కన ఒక గ్యాస్ స్టేషన్ కొన్నారు. కొన్నది ఆయన, కౌంటర్ వెనక నిలబడేది అక్క. పాలు, సిగరెట్లు, లాటరీ టికెట్లు అమ్ముతూ, చీకటి పడ్డాక కూడా తరచు ఒక్కతే ఉండేది.

ఆ చుట్టుపక్కల మరో గ్యాస్ స్టేషన్‌లో దోపిడీ జరిగింది. మా వాళ్లందరికీ భయం పట్టుకుంది. మా వాళ్లకొక పద్ధతి ఉంది. ఏది కొనాలన్నా ఒక మగమనిషి నెలల తరబడి రివ్యూలు చూసి రీసెర్చ్ చేస్తాడు. ఆయన ఏది కొంటే మిగతా కుటుంబాలన్నీ అదే కొంటాయి. మా కాలనీలో మినీవ్యాన్లు ఒకటే మోడల్, వెట్ గ్రైండర్లు ఒకటే మోడల్, ఆఖరికి మంచు ఊడ్చే యంత్రాలు కూడా ఒకటే మోడల్. పిస్టళ్లకు రీసెర్చ్ చేసినాయన్ని అందరూ గురువుగారు అనేవారు. లైసెన్సు క్లాసుకు అందరికన్నా ముందు వెళ్లి వచ్చింది ఆయనే. శనివారం బ్యాడ్మింటన్ అయ్యాక భార్యాభర్తలందరినీ బృందంగా క్లాసుకు తీసుకెళ్లింది కూడా ఆయనే. ఆ చర్చంతా మగవాళ్ల వాట్సాప్ గ్రూపులో నడిచింది. నేను ఏం పని చేస్తానో వాళ్లలో సగం మందికి తెలుసు. నన్ను ఎవరూ అడగలేదు.

దసరాకు అక్క వాళ్లింటికి వెళ్లాను. ఆయుధపూజ. గరాజ్‌లో కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజ గదిలో పీట మీద ఎర్రగుడ్డ పరిచి, లాప్‌టాప్, గ్యాస్ స్టేషన్ తాళాల గుత్తి, వాటి పక్కనే పిస్టల్. ఖాళీ పిస్టలే. తూటాల మ్యాగజీన్ తీసి అక్క అల్మారాలో పెట్టి తాళం వేసింది. పిస్టల్ మీద నిలువునా గంధం, గంధం మీద కుంకుమ బొట్లు. పక్కన రెండు బంతిపూలు. దాన్ని ఎన్ని నెలలు చేతిలో పట్టుకున్నానో, బొట్ల కింద నుంచి కూడా చూడగానే పోల్చుకున్నాను.

వంటింట్లో పులిహోర కలుపుతుంటే అడిగాను.

“అక్కా, దాంతో కాల్చావా ఎప్పుడైనా?”

“క్లాసులో కాల్చాగా. రెండుమూడు సార్లు మధ్యలో ఇరుక్కుపోయింది. నేనే సరిగ్గా పట్టుకోలేదంట. గురువుగారన్నారు.”

“నా చేతిలో కూడా ఇరుక్కుంటుంది. పట్టుకోవడం తెలిసినా ఇరుక్కుంటుంది.”

కంపెనీ కాగితాలు బయటపెట్టడానికి నాకు హక్కు లేదు. నా చేతికి ఏం జరిగిందో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది చెప్పాను. ఎందుకు ఆగుతుందో గరిటె పట్టుకుని చూపించాను. నమ్ముకుని కౌంటర్ దగ్గర పెట్టుకోవద్దని, తన చేతిలో ఆగనిది మార్చుకోమని చెప్పాను. అక్క చేతులు కడుక్కుని తుడుచుకుంటూ విన్నది.

“అంటే ఎవడన్నా వచ్చినప్పుడు ఒక్కటే పేలుద్దా?”

“ఒక్కటే పేలవచ్చు.”

“మరి ఈయనేమో అది ఉందిగా, నీకేం భయం అంటున్నారు. అదుందనేగా మొన్నటినుంచి షాపు ఇంకాసేపు తెరవమంటున్నారు.”

అప్పుడు నాకు విషయం పూర్తిగా అర్థమైంది. ఆ పిస్టల్ ఆవిడ ధైర్యం కోసం కొన్నది కాదు. ఆవిడను మరింతసేపు అక్కడ నిలబెట్టడానికి దొరికిన కారణం.

అక్క పట్టుబట్టడంతో ఆ తర్వాతి వారం మా వాళ్ల బృందం షూటింగ్ రేంజ్‌కు వెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. బావగారు, గురువుగారు, ఇంకో రెండు జంటలు. అక్క నిలబడింది, కాల్చింది. రెండో తూటాకే ఆగిపోయింది. ఆవిడ పిస్టల్ బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగి బావగారిని చూసింది.

గురువుగారు వచ్చి, తూటాలు తీసేసి, పైభాగం ఊడదీశారు. లోపలి గాడిలో ఎర్రటి పొడి. వేలితో తీసి అందరికీ చూపించారు.

“ఏంటమ్మా ఇది? కుంకుమ! దసరా పూజ చేశావా దీనికి?”

“చేశాను. పైనే పెట్టాను, తుడిచేశాను కూడా.”

“పైన పెడితే లోపలికి పోదా? గంధం వేరే! తుపాకీని ముత్తైదువను చేశావు తల్లీ, ఇంకేం కాలుస్తుంది?”

రేంజ్‌లో అందరం చెవులకు మఫ్‌లు పెట్టుకుని ఉన్నాం. అయినా ఆ నవ్వు నాకు బాగా వినిపించింది. ఎవరో ఆ ఎర్ర వేలును ఫొటో తీశారు. మేము పార్కింగ్‌కు వచ్చేసరికే అది గ్రూపులో ఉంది. ‘అమ్మవారు నాన్‌వయొలెన్స్ అంటున్నారు’ అని ఒకరు రాశారు. ‘గన్‌కి గాజులు కూడా వేయించండి’ అని ఇంకొకరు. అక్కకు ఆ తర్వాత కొన్నాళ్లు కుంకుమ పిస్టల్ అనే పేరు నిలిచింది.

గురువుగారు గుడ్డతో గాడి తుడిచి, రెండు చుక్కల నూనె వేసి, బావగారి చేతికిచ్చారు. బావగారు పెట్టెలో మిగిలిన తూటాలన్నీ కాల్చారు. ఒక్కసారి కూడా ఆగలేదు.

“చూశావా? క్లీన్ చేస్తే బంగారంలా ఉంది” అన్నారు అక్కతో.

నేను ముందుకు వెళ్లాను. “బావగారూ, ఇప్పుడు అక్కను కాల్చనివ్వండి. శుభ్రం చేశాక ఆమె చేతిలో ఎలా ఉందో చూడాలి కదా.”

“ఇంకేం చూడాలమ్మా? ప్రాబ్లం దొరికింది, ఫిక్స్ అయింది.”

“ఒకేసారి రెండు మార్చారు. కుంకుమ తీశారు, చెయ్యి కూడా మార్చారు. ఏది మారితే బాగైందో తెలియదు.”

గురువుగారు నవ్వారు. “మీ ల్యాబ్ భాష మాకు పట్టదమ్మా. మనకిచ్చిన లేన్ టైమ్ అయిపోయింది, పదండి. బిర్యానీ బుక్ చేశాం.”

ఇంజనీరింగ్ మొదటి ఏడాది ల్యాబ్‌లో నేర్పే సూత్రం అది. ఒకసారికి ఒకటే మార్చు. అక్కడ నిలబడ్డ మగవాళ్లలో ఇంజనీరింగ్ చదవనివాడు లేడు. రోజూ ఆఫీసుల్లో కోడ్‌లో ఒక లైను మార్చి, దాని ఫలితం చూడకుండా రెండో లైను ముట్టుకోని మనుషులు వాళ్లు. ఆ తెలివి వాళ్లకు లేక కాదు. అక్క చేతి దగ్గరికి వచ్చేసరికి అది అక్కర్లేకపోయింది, అంతే. మా మేనేజర్‌కు ఒక నిర్వచనం అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. వీళ్లకు చిటికెడు కుంకుమ సరిపోయింది.

కొన్ని రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసుకు సెలవు పెట్టి అక్కను మళ్లీ అదే రేంజ్‌కు తీసుకెళ్లాను. వెళ్లేముందు ఇంట్లో పిస్టల్ విప్పించి, ప్రతి గాడి చూసి, ఎర్రటి రేణువు ఒక్కటి లేదని రూఢి చేసుకున్నాం. అక్క కాల్చింది. ఆగింది. మళ్లీ కాల్చింది. కాసేపు ఆడి మళ్లీ ఆగింది. నేను కాల్చినా అంతే. అప్పుడు రేంజ్‌లో అద్దెకిచ్చే పిస్టళ్లలో కాస్త పెద్దది తీసుకున్నాం. అక్క కాల్చుకుంటూ పోయింది, మ్యాగజీన్ ఖాళీ అయ్యేదాకా. మళ్లీ నింపింది, మళ్లీ ఖాళీ చేసింది. చివర ఒక్క చేత్తో కూడా కాల్చి చూసింది. మఫ్‌లు తీసి నా వైపు తిరిగినప్పుడు ఆవిడ మొహం చూడాలి. నవ్వు కాదు, ఏడుపూ కాదు.

“అయితే నా చెయ్యి బాగానే ఉంది” అంది.

రెండూ ఫోన్‌లో వీడియో తీశాను. ఒకే చెయ్యి, ఒకే రోజు, రెండు పిస్టళ్లు. ఎవరైనా సరే, చూస్తే చాలు అనుకున్నాను. ఆ సాయంత్రం బావగారి పక్కన కూర్చుని అక్క ఆ వీడియోలు చూపించింది. నేను ఎదురుగా ఉన్నాను. ఆయన మొదటి వీడియో రెండుసార్లు చూశారు. తర్వాత దాన్ని ఆపి, తెర మీద వేలు పెట్టారు.

“ఇదిగో, ఇక్కడ చూడు. నీ చెయ్యి ఎట్లా వెనక్కి పోతుందో. క్లియర్‌గా కనిపిస్తోంది. గురువుగారు చెప్పింది ఇదే.”

“రెండోది చూడండి” అన్నాను.

“చూశానమ్మా. అది పెద్ద గన్, అది ఎవరి చేతిలోనైనా ఆడుతుంది.”

“అదే కదా బావగారూ నేను చెబుతున్నది. ఎవరి చేతిలోనైనా ఆడేది అక్కకు ఇవ్వండి.”

“అంత పెద్దది పెట్టుకుని కౌంటర్ దగ్గర ఎట్లా నిలబడుతుంది? కస్టమర్లు చూస్తే ఏమనుకుంటారు? ఇది కంఫర్టబుల్. ఇందరు కొన్నారు, ఒక్కళ్ల దగ్గర కంప్లైంట్ లేదు. కొంచెం గ్రిప్ స్ట్రెంగ్త్ పెరిగితే చాలు.”

మర్నాటికల్లా ఆయన గ్రిప్ పెంచే రబ్బరు బంతి తెప్పించారు. పిస్టల్ తన బరువు పనిని మణికట్టు మీద పెట్టిందని నేను గరిటెతో చూపిస్తే, ఆయన ఆ పనికి సరిపడేలా మణికట్టును మార్చడానికి పూనుకున్నారు. నేను తీసిన వీడియో, పిస్టల్ తప్పు చూపించడానికి తీసిన వీడియో, అక్క తప్పుకు రుజువుగా గురువుగారికి వెళ్లింది. ఆయన దాన్ని కొత్తగా నేర్చుకునే ఆడవాళ్లకు ‘ఇలా పట్టుకోకూడదు’ అని చూపించడానికి వాడుతున్నారని తర్వాత తెలిసింది.

అక్క వారం రోజులు ఆ బంతి నొక్కింది. కౌంటర్ వెనక నిలబడి, లాటరీ టికెట్లు అడిగేవాళ్ల మధ్య నొక్కుతూనే ఉంది. ఆ వారంలో ఒక సాయంత్రం ఒకడు వచ్చి చాలాసేపు ఏమీ కొనకుండా చిప్స్ అరల మధ్య తిరిగాడట. ఏమీ చేయలేదు. చివరికి ఒక సోడా కొనుక్కుని వెళ్లిపోయాడు. వాడు తిరుగుతున్నంతసేపూ తను లెక్క వేసుకుంటూ నిలబడిందట, పేలితే ఒక్కటి, పేలకపోతే అదీ లేదు అని. ఇంటికి వచ్చి వంట చేసి, పెట్టి, అప్పుడు చెప్పింది. నేను పెరుగు తోడు కోసం వెళ్లి అక్కడే ఉన్నాను.

“ఏవండీ, రేపటినుంచి సాయంత్రం కౌంటర్ నేను చూడను. పొద్దున చూస్తాను.”

“అదేంటి? సాయంత్రమే కదా బిజినెస్. మరెవరు చూస్తారు?”

“మీరు చూడండి.”

“నాకు మీటింగ్‌లు ఉంటాయి, నీకు తెలుసుగా.”

“లాప్‌టాప్ అక్కడ పెట్టుకోండి. మీ చేతిలో అది ఆగదు కదా. ఆగని చేతినే అక్కడ ఉండనివ్వండి.”

ఆయన నా వైపు చూశారు, ఈ మాట నేర్పింది నేనే అన్నట్టు. నేను నేర్పలేదు. నేనింతకాలం కొలతలతో, వీడియోలతో, కారణాలతో ఒప్పించాలని చూశాను. ఆవిడ ఎవరినీ ఒప్పించే పని పెట్టుకోలేదు.

కొంత రభస జరిగింది. ఆ తర్వాత సాయంత్రాలు బావగారే వెళ్లడం మొదలుపెట్టారు. సిగరెట్ల అల్మారా కింద లాప్‌టాప్ పెట్టుకుని, కెమెరా ఆపి మీటింగ్‌లు వింటూ కూర్చుంటారు. షాపు మునుపటికన్నా ముందే మూసేస్తున్నారు. భయపడి కాదు, ఆఫీసు పని ఎక్కువైందని. అక్క మానేసింది మాత్రం భయపడి. అందరికీ ఆయన చెప్పిన కారణం అదే. “మా ఆవిడకి గన్ అంటే భయం పట్టుకుంది. ఏం చేస్తాం, ఫోర్స్ చేయలేం కదా” అని. వినేవాళ్లు ఆయన మంచితనాన్ని మెచ్చుకుంటారు.

“నువ్వు చెప్పవచ్చు కదా అక్కా, నీకు భయం కాదని?” అని ఒకసారి అడిగాను.

“చెప్తే మళ్లీ చెయ్యి చూపించమంటారే. వద్దులే, భయమే అనుకోనీ.”

ఆవిడ ప్రాణానికి వచ్చిన ముప్పు తప్పింది కాబట్టి నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. అయితే ల్యాబ్‌లో నా చేతుల లెక్క ఎక్కడికి వెళ్లిందో అక్క లెక్క కూడా అక్కడికే వెళ్లింది. ఆ పిస్టల్ మచ్చలేనిదిగానే మిగిలింది. ఒకచోట నలుగురు ఆడవాళ్లకు పట్టుకోవడం రాలేదు, ఇంకోచోట ఒకావిడ కుంకుమ పెట్టింది, తర్వాత భయపడింది. ఇవన్నీ తీసేశాక చూస్తే అది ఒక్కసారి కూడా ఆగలేదు.

మొన్న ఒక సీమంతంలో అక్కా నేనూ ఒక బల్ల దగ్గర కూర్చుని తింటున్నాం. మా కాలనీకి కొత్తగా వచ్చిన అమ్మాయి ప్లేటు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. పెళ్లయి రెండేళ్లు కాలేదు. వాళ్లాయన ఉద్యోగరీత్యా వారంలో సగం రోజులు వేరే ఊళ్లో ఉంటాడట. ఇంట్లో ఒక్కతే.

“అక్కా, మీ దగ్గర గన్ ఉందంట కదా? ఎట్లుంటది? నాకు చూస్తేనే చేతులు వణుకుతయ్.”

అక్క ఆ అమ్మాయి ఎడమచెయ్యి తీసుకుంది. ఆ చెయ్యి నా చేతికన్నా చిన్నది. ఆ అరచేతిని తన అరచేతికి ఆనించి చూసింది. వేళ్లు ఒక కణుపు తక్కువ ఉన్నాయి.

“కొనేముందు రేంజ్‌కి వెళ్లి అద్దెకి తీసుకో. నీ చేత్తో నువ్వే కాల్చి చూడు. మీ ఆయన్ని కాల్చి చూడనివ్వకు, గురువుగారిని అసలే వద్దు. నీ చేతిలో ఆగితే అది కొనొద్దు. ఎవరేం చెప్పినా కొనొద్దు. నేను వస్తాను నీతో, ఇదిగో ఈవిడ కూడా వస్తుంది.”

ఆ అమ్మాయి మా ఇద్దరి మొహాలూ చూసి, ఏదో పెద్దవాళ్ల చాదస్తం అనుకున్నట్టు నవ్వింది.

“అయ్యో, మా ఆయన నిన్ననే తెచ్చిండు అక్కా. గురువుగారు చెప్పిందే. అందరి దగ్గర అదే ఉందంట కదా.”